చర్చలో తర్కదోషం పేరు చెప్పగానే ఎదుటివారి వాదన వీగిపోయినట్టేనా?

ప్రశ్న: చర్చామిత్ర

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక డిగ్రీ కళాశాలలో విద్యార్థులకు వక్తృత్వంలోనూ చర్చా పోటీల్లోనూ శిక్షణ ఇస్తుంటాను. ఇటీవల వారిలో ఒక ధోరణి బాగా పెరిగింది. తర్కదోషాల జాబితా ఒకటి ఎక్కడో చదివి, పేర్లన్నీ కంఠస్థం చేసుకుని వచ్చి, ప్రత్యర్థి నాలుగు మాటలు మాట్లాడగానే "ఇది ఆడ్ హోమినెం" (వాదనను వదిలి మనిషి మీద దాడి), "ఇది స్లిప్పరీ స్లోప్" (ఒక చిన్న అడుగు వరుసగా జారి పెద్ద అనర్థానికే చేరుతుందనడం), "ఇది స్ట్రా మ్యాన్" (ఎదుటివారు అనని మాటను అంటగట్టి ఖండించడం) అని ముద్ర వేసి, ఇక తమ పని అయిపోయిందన్నట్టు కూర్చుంటున్నారు. అందులో తప్పు సరిగ్గా ఎక్కడ ఉందని అడిగితే మళ్ళీ ఆ పేరే చెబుతున్నారు తప్ప వివరించలేకపోతున్నారు.

ఉదాహరణకు, ఈమధ్య "ప్రాథమిక తరగతుల్లో బోధన తెలుగులో ఉండాలా, ఇంగ్లిష్‌లో ఉండాలా" అనే విషయం మీద చర్చ పెట్టాను. ఇంగ్లిష్ మీడియంలో చదివినవారికే మంచి ఉద్యోగాలు వస్తున్నాయి కాబట్టి అందరికీ అదే మీడియం పెట్టాలని ఒకరు అన్నారు. తెలుగు మీడియం కావాలనేవారు తమ పిల్లలను మాత్రం ఇంగ్లిష్ మీడియం బడులకు పంపుతున్నారు కాబట్టి వారి మాట వినక్కరలేదని మరొకరు అన్నారు. ఇంగ్లిష్ మీడియం వద్దనడమంటే పేదపిల్లలకు ఇంగ్లిషే రాకూడదనడమని ఇంకొకరు వాదించారు. అవతలి పక్షంవారు కూడా తక్కువ తినలేదు. పాత తరంలో తెలుగు మీడియంలో చదివినవారు ఎందరో శాస్త్రవేత్తలు కాలేదా అని ఒకరు అడిగితే, ఈ రోజు ఒకటో తరగతిలో తెలుగు మీడియం తీసేస్తే రేపటికి తెలుగు భాషే మిగలదని మరొకరు హెచ్చరించారు.

ఈ వాదనలు ప్రతిదానికీ ఎవరో ఒకరు ఒక దోషం పేరు పెట్టారు. అయినా ఏ ఒక్క వాదనా నాకు పూర్తిగా పనికిమాలినదిగా అనిపించలేదు. నా సందేహాలు రెండు. ఒక వాదనలో దోషం నిజంగా ఉందో లేదో తేల్చడానికి పేర్ల పట్టికను మించిన పద్ధతి ఏమైనా ఉందా? తర్కంలో నిగమన పద్ధతి, ఆగమన పద్ధతి అని చెప్పే భేదానికీ ఈ దోషాలకూ సంబంధం ఏమిటి?

సమాధానం: గణాంకోపాధ్యాయిని

చర్చామిత్ర గారూ, మీ రెండో సందేహాన్ని ముందు తీసుకుంటాను. ఎందుకంటే ఒక వాదన ఏ రకానికి చెందినదో తెలియకుండా అందులో దోషం వెతకడం కుదరదు.

నిగమన పద్ధతిలో ఆధార వాక్యాలు నిజమైతే ముగింపు నిజం కాక తప్పదు. రెండుతో నిశ్శేషంగా భాగించబడే ప్రతి పూర్ణసంఖ్యా సరిసంఖ్యే, 48 అలా భాగించబడుతుంది, కనుక 48 సరిసంఖ్య అన్నప్పుడు ఇక సందేహానికి చోటు లేదు. ఇటువంటి వాదనలో దోషం వాక్యాల అమరికలోనే దొరుకుతుంది. వర్షం పడితే నేల తడుస్తుంది, నేల తడిసింది, కాబట్టి వర్షం పడింది అనే వాదన అమరికలోనే చెడిపోయింది. వర్షం నిజంగానే పడి ఉండవచ్చు, అయినా ఆ వాదన దాన్ని నిరూపించలేదు. మీ విద్యార్థులకు ఈ భేదాన్ని మొట్టమొదట నేర్పమని నా మనవి: వాదన చెడినంత మాత్రాన ముగింపు అబద్ధం కాదు. ప్రత్యర్థి తర్కంలో తప్పు పట్టుకున్నవారు తమ పక్షాన్ని ఇంకా నిరూపించవలసే ఉంటుంది.

ఆగమన పద్ధతి వేరు. కొన్నిటిని చూసి అన్నిటి గురించి చెప్పడం దాని స్వభావం. మన పెద్దలు దీనినే స్థాలీపులాక న్యాయం అన్నారు. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. అయితే ఆ ఒక్క మెతుకు ఎందుకు సరిపోతుందో కూడా ఆలోచించాలి. గిన్నెలోని బియ్యమంతా ఒకే రకం, ఒకే నీళ్ళలో, ఒకే సెగ మీద, ఒకే సమయం పాటు ఉడికింది కాబట్టి సరిపోతుంది. ఈ షరతు తప్పినచోట ఆగమనం దోషమవుతుంది. తెలుగు మీడియంలో చదివి శాస్త్రవేత్తలైన వారిని చూపి ఆ మీడియం మంచిదనడంలో ఇబ్బంది ఇదే. మనకు కనిపిస్తున్నది పైకి వచ్చినవారు మాత్రమే. అదే బడిలో, అదే బెంచీ మీద కూర్చుని మధ్యలో చదువు ఆగిపోయినవారు మన లెక్కలోకి రాలేదు. పట్టుకున్న మెతుకును మనమే ఏరి పట్టుకున్నాం. నమూనా పెద్దదైనా ఈ లోపం పోదు. ఎన్ని వందల మంది పేర్లు చదివినా అవన్నీ నెగ్గినవారి పేర్లే కదా.

మూడో రకం ఒకటి ఉంది, మన పాఠ్యపుస్తకాల్లో దానికి తగినంత చోటు దొరకదు. ఒక ఫలితాన్ని చూసి, దానికి కారణం ఏదై ఉంటుందని వెనక్కి ఊహించడం అది. వైద్యుడి రోగ నిర్ధారణ, పోలీసు దర్యాప్తు, మెకానిక్ బండి శబ్దం విని లోపం చెప్పడం, అన్నీ ఈ కోవలోవే. అమెరికన్ తాత్వికుడు చార్లెస్ పియర్స్ దీన్ని మిగిలిన రెండింటి నుంచి విడదీసి ప్రత్యేకంగా చర్చించాడు. దీనివల్ల వచ్చే ముగింపు ఎప్పుడూ తాత్కాలికమే. అంతకంటే మంచి వివరణ దొరికే వరకే అది నిలుస్తుంది.

ఈ మూడో రకాన్ని ఎంత జాగ్రత్తగా నడపవచ్చో చెప్పడానికి నేను తరగతిలో ఎప్పుడూ ఒకే ఉదాహరణ ఇస్తాను. 1840ల నాటి వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో రెండు విభాగాలుండేవి. వైద్య విద్యార్థులు పనిచేసే మొదటి విభాగంలో 1846లో నూటికి 11.4 మంది బాలింత జ్వరంతో మరణించగా, మంత్రసానులు పనిచేసే రెండో విభాగంలో ఆ సంఖ్య 2.7 మాత్రమే. ఊరి గాలిలో ఏదో చెడు ఉందని కొందరన్నారు. అయితే ఒకే ఆవరణలోని రెండు విభాగాల్లో ఒకదాన్నే ఆ గాలి ఎలా ఎంచుకుంటుందని అక్కడి వైద్యుడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ ప్రశ్నించాడు. రద్దీ కారణమన్నారు, చూస్తే రెండో విభాగంలోనే రద్దీ ఎక్కువ. ప్రసవ సమయంలో పడుకోబెట్టే భంగిమను మార్చి చూశాడు, తేడా రాలేదు. చావుబతుకుల్లో ఉన్నవారి దగ్గరికి గంట మోగిస్తూ వెళ్ళే మతగురువును చూసి భయపడుతున్నారేమోనని ఆయన దారి మార్పించి, గంట కూడా ఆపించాడు, అయినా తేడా రాలేదు. 1847లో శవపరీక్ష చేస్తుండగా కత్తి గాయమైన సహచర వైద్యుడు అచ్చం బాలింత జ్వరం లక్షణాలతోనే మరణించినప్పుడు, శవాలను కోసిన చేతులతోనే విద్యార్థులు బాలింతలను పరీక్షిస్తున్నారన్న సంగతి సెమ్మెల్‌వైస్‌కు తట్టింది. క్లోరిన్ కలిపిన ద్రావణంతో చేతులు కడిగించాడు. 1848లో మొదటి విభాగం మరణాలు 1.27 శాతానికి దిగాయి, రెండోది 1.33 శాతం. ఇక్కడ గమనించవలసింది చివరి ఊహ ఒక్కటే కాదు. అంతకుముందు ప్రతి వివరణనూ రెండు విభాగాల మధ్య పోల్చి, అది తేడాను వివరిస్తుందా లేదా అని చూసి తోసిపుచ్చిన ఓపికను గమనించాలి.

ఇదే ప్రశ్నను మీ మొదటి విద్యార్థి వాదనకు వేయండి. ఇంగ్లిష్ మీడియంలో చదివినవారికీ చదవనివారికీ మధ్య మీడియం కాక ఇంకేం తేడాలున్నాయి? తల్లిదండ్రుల ఆదాయం, వారి చదువు, ఉన్నది పట్టణమా పల్లెనా, బడిలో ప్రతి తరగతికీ ఒక ఉపాధ్యాయుడు ఉన్నాడా, ఇవన్నీ మీడియంతో పాటే మారుతున్నాయి. వీటిని సమానంగా ఉంచి పోల్చితే తప్ప ఆ ఉద్యోగాలు మీడియం వల్లనే వచ్చాయని చెప్పలేం. అలాగని మీడియం వల్ల కాదని కూడా చెప్పలేం.

సమాధానం: న్యాయశాస్త్ర పాఠకుడు

గణాంకోపాధ్యాయిని గారు చివర చెప్పిన అంశానికి మన న్యాయశాస్త్రంలో, అంటే ప్రాచీన భారతీయ తర్కశాస్త్రంలో, ఒక ఖచ్చితమైన స్థానం ఉంది. అది చర్చామిత్ర గారి మొదటి సందేహానికి నేరుగా సమాధానం ఇస్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఆంధ్రుడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహం నేటికీ సంస్కృత పాఠశాలల్లో తర్కానికి మొదటి పుస్తకం. కొండ మీద నిప్పు ఉంది, పొగ ఉంది కాబట్టి, అనే అనుమానం దాన్ని చదివినవారందరికీ తెలిసినదే. ఇందులో కొండ పక్షం (దేని గురించి చెబుతున్నామో అది), నిప్పు సాధ్యం (నిరూపించదలచినది), పొగ హేతువు (అందుకు చూపే ఆధారం). అయితే ఈ మూడింటినీ కలిపి నిలబెట్టేది నాలుగోది: పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందనే వ్యాప్తి. నిత్య జీవితంలో వాదించేవారు ఈ వ్యాప్తిని దాదాపు ఎప్పుడూ పైకి చెప్పరు. దోషం దాక్కునేది ఎక్కువగా అక్కడే. అందుకే పేరు పెట్టడానికి ముందు ఎదుటివారు చెప్పకుండా వదిలేసిన వ్యాప్తిని వారి తరఫున మనమే పూర్తి వాక్యంగా రాసి, "మీరు అంటున్నది ఇదేనా" అని అడగాలి. పట్టికను మించిన పద్ధతి అంటే నా దృష్టిలో ఇదే.

ఇప్పుడు పై వాక్యాన్ని తిరగేసి చూడండి. కొండ మీద పొగ ఉంది, నిప్పు ఉంది కాబట్టి. వినడానికి సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది, కాని ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉండి కూడా పొగ ఉండదు. నిప్పు ఉన్నచోట పొగ రావాలంటే పచ్చికట్టెల సంపర్కం కూడా ఉండాలి. వాదించేవారు చెప్పని ఈ అదనపు షరతును తర్కంలో ఉపాధి (ఉద్యోగమనే అర్థంలో కాదు) అంటారు. ఉపాధితో కూడిన హేతువును అన్నంభట్టు వ్యాప్యత్వాసిద్ధం అనే హేత్వాభాసంగా, అంటే హేతువులా కనిపించే దోషంగా, లెక్కించాడు. ఉపాధికి ఆయన ఇచ్చిన లక్షణం నిజంగా పదునైనది: సాధ్యం ఉన్న ప్రతిచోటా ఉండాలి, హేతువు ఉన్న ప్రతిచోటా ఉండకూడదు. పొగ ఉన్న ప్రతిచోటా పచ్చికట్టె ఉంది, నిప్పు ఉన్న ప్రతిచోటా లేదు. కాబట్టి ఇంగ్లిష్ మీడియం వాదనను కాదనదలచుకున్న విద్యార్థి ఒక లాటిన్ పేరు చెప్పి కూర్చోకూడదు, ఇక్కడి పచ్చికట్టె ఏదో చూపించాలి. ఉద్యోగం వచ్చినవారిలో సాధారణంగా కనిపిస్తూ, ఇంగ్లిష్ మీడియంలో చదివినవారందరిలో కనిపించనిది ఏమిటి? మంచి ఉపాధ్యాయులా, ఇంటి ఆసరానా? ఆ వెతుకులాటే అసలైన ఖండన. సామాజిక విషయాల్లో పొగకూ నిప్పుకూ ఉన్నంత ఖచ్చితమైన వ్యాప్తి దొరకదన్న సంగతి నేను కాదనను, కాని అడగవలసిన ప్రశ్న మారదు.

ఫలితం నుంచి కారణానికి వెళ్ళే అనుమానం గురించి కూడా ఒక మాట. న్యాయశాస్త్రానికి మూలమైన గౌతముని న్యాయసూత్రాల్లో దానికి శేషవత్ అని పేరు. నది నిండుగా పారడం చూసి ఎగువన వర్షం కురిసిందని ఊహించడం ఆ సూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన భాష్యంలోని ఉదాహరణ. వరదల కాలంలో భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం చూసి ఎగువ వానల గురించి మాట్లాడుకునే మనకు ఇది కొత్త కాదు. ఆ ఉదాహరణ మీద సూత్రాల్లోనే ఒక ఆక్షేపణ ఉంది: ఎక్కడో అడ్డుకట్ట పడినా నది నిండవచ్చు కదా, అప్పుడు మీ అనుమానం తప్పింది కదా? దానికి సమాధానం ఏమిటంటే, మేము హేతువుగా తీసుకున్నది ఏదో ఒక నిండుదనం కాదు. ప్రవాహ వేగం పెరిగి, నురగతో, కొట్టుకొచ్చే ఆకులు కట్టెలతో వచ్చే నిండుదనాన్నే తీసుకున్నాం. అంటే ఆక్షేపణ వచ్చినప్పుడు వాదాన్ని వదిలేయలేదు, హేతువును మరింత నిర్దిష్టం చేశారు. చర్చలో దోషం చూపించినవారికి దక్కవలసిన ఫలితం కూడా ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంగ్లిష్ మీడియం వద్దంటే ఇంగ్లిష్ వద్దన్నట్టేనన్న వాదనకు మాత్రం నేను జాలి చూపను. ఎదుటివారు బోధనా మాధ్యమం గురించి మాట్లాడితే, ఇంగ్లిష్‌ను ఒక సబ్జెక్టుగా నేర్పడం గురించి మాట్లాడినట్టు మార్చి ఖండించడం అది. వక్త ఉద్దేశించని అర్థాన్ని అతని మాటకు అంటగట్టి ఖండించడాన్ని న్యాయసూత్రాలు ఛలం అన్నాయి, అందులో మూడు రకాలు చెప్పాయి. గెలుపు కోసమే చేసే జల్పంలో దానికి చోటిచ్చాయి, సత్యం తేల్చుకోవడానికి చేసే వాదంలో చోటివ్వలేదు. మీ పోటీ ఈ రెండింటిలో ఏదో విద్యార్థులకు ముందే చెప్పడం మీ బాధ్యత అనుకుంటాను.

సమాధానం: జిల్లా కోర్టు న్యాయవాది

పై ఇద్దరూ చెప్పిన వాటితో ఏకీభవిస్తూ, రెండు అంశాలు మాత్రం చేరుస్తాను.

తెలుగు మీడియం కావాలనేవారు తమ పిల్లలను ఎక్కడ చదివిస్తున్నారన్న ప్రశ్నను వ్యక్తిగత దాడి అని వెంటనే కొట్టిపారేయవద్దు. మనిషి గురించి మాట్లాడడం ఎప్పుడు దోషం, ఎప్పుడు కాదు అన్నది ఆ మనిషి మనల్ని దేని ఆధారంగా నమ్మమంటున్నాడన్న దాన్ని బట్టి ఉంటుంది. 1872 సాక్ష్య చట్టం 146వ సెక్షన్ సాక్షి విశ్వసనీయతను దెబ్బతీసే ప్రశ్నలు వేయడానికి క్రాస్ ఎగ్జామినేషన్‌లో అనుమతి ఇచ్చింది. దాని స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఆ అవకాశం కొనసాగుతోంది. సాక్షి "నేను కళ్ళారా చూశాను" అంటున్నాడు, ఆ మాటకు ఆధారం అతనే, కాబట్టి అతనికి ముద్దాయితో పాత పగ ఉందా, ఆ సమయంలో అక్కడ ఉండే వీలుందా అని అడగడం పూర్తిగా న్యాయం. అదే కోర్టులో ఎదుటి న్యాయవాది ఒక సెక్షన్‌ను వ్యాఖ్యానిస్తే, ఆయన గుణగణాలు ఎత్తడం అర్థం లేని పని. ఆ వ్యాఖ్యానం ఎవరి నోట వచ్చినా దాని బలం ఒకటే.

దీన్ని మీ విద్యార్థి మాటకు వర్తింపజేయండి. మాతృభాషలో నేర్చుకున్న పిల్లలకు విషయం బాగా అర్థమవుతుందన్న వాదనకు ఆధారం పిల్లల అభ్యసన ఫలితాలు. చెప్పేవారి పిల్లలు ఎక్కడ చదివినా ఆ ఫలితాలు మారవు, కనుక అక్కడ ఈ ప్రశ్న దోషమే. కాని ఒక నాయకుడు "ఇందులో ఎవరికీ నష్టం లేదు, నన్ను నమ్మండి" అంటే, మరి మీ ఇంట్లో ఎందుకు పాటించడం లేదని అడగడం సబబే. ఆ నష్టం ఆయనకు తెలిసే ఉంటుందన్న అనుమానానికి అది ఒక ఆధారం అవుతుంది.

రెండో అంశం చట్టాన్ని ప్రమాణంగా తేవడం గురించి. ఈ చర్చలో తప్పకుండా ఎవరో ఒకరు 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్‌ను ఎత్తుతారు. బోధన ఆచరణ సాధ్యమైనంత వరకు పిల్లల మాతృభాషలో ఉండాలని అందులో ఉంది. అవతలివారు 2014లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పును ఎత్తుతారు. ప్రాథమిక విద్యలో మాతృభాషనే మాధ్యమంగా ప్రభుత్వం నిర్బంధించజాలదని అది చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంగ్లిష్ మాధ్యమాన్ని ప్రవేశపెడుతూ 2019 నవంబరులో ఇచ్చిన 81వ నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసిన సంగతి కూడా వస్తుంది. ఇవన్నీ చెప్పవలసినవే. కాని మాధ్యమాన్ని ఎంచుకునే హక్కు ఎవరిదన్న ప్రశ్నకు తీర్పులు ఇచ్చిన జవాబును, ఏ మాధ్యమంలో పిల్లలు బాగా నేర్చుకుంటారన్న ప్రశ్నకు జవాబుగా వాడితే అది పొరపాటు. న్యాయమూర్తుల మాటకు హక్కుల విషయంలో ఉన్న ప్రామాణ్యం బోధనా శాస్త్రంలో ఉండదు. ఇంత స్పష్టమైన గీతను కూడా చర్చల్లో చాలామంది దాటేస్తుంటారు, అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ప్రతిస్పందన: చర్చామిత్ర

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఉపాధిని వెతకమన్న సూచనను వచ్చే వారం నుంచే అమలు చేస్తాను. ఎదుటివారి వ్యాప్తిని పూర్తి వాక్యంగా రాసి, వారి చేత ఒప్పించుకున్న తర్వాతే ఖండన మొదలుపెట్టాలని నిబంధన పెట్టబోతున్నాను. ఒక్కటి మిగిలింది. ఒకటో తరగతిలో తెలుగు మీడియం పోతే రేపటికి తెలుగే మిగలదన్న వాదనలో వ్యాప్తి ఒకటి కాదు, గొలుసుగా చాలా ఉన్నట్టు తోస్తోంది. దాన్ని ఎలా పరీక్షించాలి?

సమాధానం: గణాంకోపాధ్యాయిని

మీరు గొలుసు అన్నారు కాబట్టి లంకెలన్నీ విడదీసి బోర్డు మీద రాయించండి. బడిలో మాధ్యమం మారితే పిల్లలు తెలుగు చదవడం, రాయడం తగ్గిస్తారు. చదవడం తగ్గితే పెద్దయ్యాక తెలుగు పుస్తకాలూ పత్రికలూ కొనరు. కొనేవారు లేకపోతే తెలుగులో రాసేవారు తగ్గుతారు. రాత తగ్గితే ఇంట్లో మాట కూడా పోతుంది. ఇలా రాసేసరికి ఒక్కొక్క లంకె బలం ఒక్కొక్క తీరుగా ఉందని విద్యార్థులకే కనిపిస్తుంది. మొదటిది చాలావరకు నమ్మదగినదే. చివరిది అంత తేలిక కాదు, ఎందుకంటే బడిలో బోధన లేకపోయినా తరతరాలుగా ఇళ్ళలో మాట్లాడుతూ వచ్చిన భాషలు మన దేశంలోనే చాలా ఉన్నాయి. తమిళనాడు, కర్ణాటకల్లో ఎన్నో తెలుగు కుటుంబాల ఇంటి భాష ఇలాగే నిలిచింది, వారిలో చాలామందికి తెలుగు చదవడం, రాయడం రాకపోయినా.

నాలుగు లంకెలుండి, ముందుది జరిగాక తర్వాతది జరిగే అవకాశం ప్రతిసారీ నూటికి 80 అనుకున్నా, నాలుగూ వరుసగా జరిగే అవకాశం నూటికి 41 మాత్రమే. ప్రతి మెట్టూ బలంగా కనిపిస్తూనే మొత్తం బలహీనపడడం ఇక్కడి కిటుకు. అయితే 41 అన్నది తోసిపుచ్చదగిన సంఖ్య కాదు. పోయేది భాష అయినప్పుడు అంతకంటే చిన్న అవకాశాన్ని కూడా గంభీరంగా తీసుకోవలసిందే. కాబట్టి ఆ విద్యార్థి "మిగలదు" అన్న చోట "చదివేవారి, రాసేవారి సంఖ్య తగ్గే ప్రమాదం ఉంది" అని మొదటి రెండు లంకెల దగ్గరే ఆగితే, అతని వాదనను స్లిప్పరీ స్లోప్ అని పేరు పెట్టి ఎవరూ తప్పించుకోలేరు. అప్పుడు ప్రత్యర్థి ఆ రెండు లంకెలకు జవాబు చెప్పి తీరాలి.